వారం వంటకు ముందే లెక్క: ఇంటి పాలకు మొదటి వాటా

పాడి ఉన్న ఇంట్లో పనికి వేళాపాళా ఉండదని మన సంఘాల సభ్యులకు మేము చెప్పనక్కరలేదు. తెల్లవారకముందే గేదె దగ్గర కూర్చోవాలి. పాల కేంద్రం మూసేలోగా పాలు చేర్చాలి. పేడ తీయాలి, కుడితి పెట్టాలి, పిల్లలను బడికి పంపాలి, చేనుకు పోవాలి. సాయంత్రం ఇల్లు చేరగానే మళ్ళీ పాలు పితకాలి. ఇన్ని పనుల మధ్య వంట ఇరుక్కుపోయి ఉంటుంది. ఏ పూటకాపూట ఏం వండాలా అని వెతుక్కునే ఇంట్లో చివరకు పొయ్యి మీదికి వచ్చేది అన్నం, ఏదో ఒక చారు, ఇంత పచ్చడి. దానితో కడుపు నిండుతుంది గాని ఒంటికి కావలసినవన్నీ అందవు.

గేదెకు మాత్రం మనం అలా చేయము. పచ్చిగడ్డి ఎంత, ఎండుగడ్డి ఎంత, దాణా ఎన్ని కిలోలు అని ముందే లెక్క వేసుకుంటాము. దాణా నాలుగు రోజులు తగ్గితే పాలు తగ్గుతాయని అందరికీ తెలుసు. మనుషుల విషయంలో ఆ తగ్గుదల వెంటనే కనబడదు. పిల్లవాడు ఎదగవలసినంత ఎదగడు, తల్లికి నెత్తురు తగ్గుతుంది, పని చేస్తుంటే ఆయాసం వస్తుంది. ఈ సంగతి తెలిసేసరికి నెలలు గడిచిపోతాయి. కాబట్టి గేదెకు వేసే లెక్కనే ఇంటిల్లిపాదికీ వారానికొకసారి వేసుకోవడం ఎలాగో ఈ వ్యాసంలో వివరిస్తున్నాము. ఉదాహరణకు గట్టు ప్రాంతాన్ని తీసుకున్నాము. ఇతర ప్రాంతాల సభ్యులు తమ పంటలను, తమ సంతను బట్టి మార్చుకోవచ్చు.

గట్టు ప్రాంతంలో పనుల తీరు

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలో, కర్ణాటక సరిహద్దును ఆనుకుని గట్టు మండలం ఉంది. 2016 అక్టోబరు దాకా మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, ఆపై జోగులాంబ గద్వాల జిల్లాలో చేరింది. మెట్ట సేద్యం ఎక్కువగా ఉన్న నేల ఇది. జొన్న, కంది, వేరుశనగ, ఆముదం ఇక్కడ పాత పంటలు. గత కొన్ని దశాబ్దాలలో విత్తన పత్తి నడిగడ్డలో బాగా విస్తరించింది.

విత్తన పత్తి పని సంగతి తెలియని సభ్యులకు రెండు మాటలు చెబుతాము. మరునాడు విచ్చుకోబోయే మొగ్గలను మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఒక్కొక్కటిగా వెతికి, పుప్పొడి భాగాన్ని తీసివేయాలి. మరునాడు ఉదయం ఆ పూలకు మగ పూల పుప్పొడి అద్దాలి. ఈ పనిని రైతులు క్రాసింగ్ అంటారు. ఒక్క రోజు తప్పినా ఆనాటి పూలు దండగే. అందుచేత వానాకాలంలో రెండు నెలలకు పైగా ఇంటి ఆడవారు పొద్దున, సాయంత్రం రెండు పూటలా చేనులోనే ఉంటారు. సరిగ్గా ఆ రెండు పూటలే పాలు పితికే వేళలు, వంట వేళలు కూడా. మగ్గం ఉన్న ఇళ్లలో ఈ ఇబ్బంది మరొక రకంగా ఉంటుంది. గద్వాల చీర నేసే ఇంట్లో నేసేవారు ఒకరైతే, నూలు చుట్టడం మొదలైన పనులు ఇంటిల్లిపాదీ చూసుకోవాలి.

వీరికి తీరిక లేదు. అందువల్ల ఎక్కువ వంటలు చేయండని మేము చెప్పడం లేదు. వారానికొకసారి అరగంట కూర్చుని లెక్క వేసుకుంటే రోజూ పడే తర్జనభర్జన తప్పుతుందని మాత్రమే చెబుతున్నాము.

పాలు పోసే ఇంట్లో పాలు ఉన్నాయా?

మొదట ఒక చేదు విషయం. పాల కేంద్రాలు లేని రోజుల్లో పాలు తోడుపెట్టి, చిలికి, వెన్న కాచి నెయ్యి అమ్మేవారు. నెయ్యి బజారుకు పోయినా మజ్జిగ ఇంట్లోనే మిగిలేది. పిల్లలు, ముసలివారు తాగగా ఇరుగుపొరుగుకు కూడా పోసేవారు. పాలను పాలుగానే అమ్మడం మొదలయ్యాక చేతికి డబ్బు క్రమంగా వస్తోంది. అది మంచిదే. కాని వెన్నతో పాటు మజ్జిగ కూడా ఇల్లు దాటిపోయింది. ఆపరేషన్ ఫ్లడ్ 1970లో మొదలై 1996 దాకా సాగింది. ఆ కాలంలోనే, పల్లెల పాలన్నీ పట్టణాలకు తరలి ఉత్పత్తిదారుల పిల్లలకే పాలు లేకుండా పోతున్నాయనే విమర్శ దేశంలో గట్టిగా వినిపించింది. దానికి సమాధానం ప్రభుత్వమో సమాఖ్యో చెప్పవలసినదే కాదు. ప్రతి సభ్యుడూ తన ఇంటి గిన్నెలో చూసి చెప్పవలసింది కూడా.

2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనతతో ఉన్నారు. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలలో నూటికి 70 మంది ఉన్నారు. రక్తహీనతకు పాలు మందు కావు, పాలలో ఇనుము బహు తక్కువ. ఆకుకూరలు, పప్పులు, సజ్జలు, గుడ్లు, మాంసం వంటివి కావాలి. ఎముకల బలానికి, పిల్లల ఎదుగుదలకు మాత్రం పాలు ఎంతో అవసరం. అంటే ఇంటికి పాలూ కావాలి, పాలు అమ్మిన డబ్బుతో పప్పూ ఆకుకూరా కావాలి. ఈ రెంటిలో ఏది తగ్గినా రెండోది దాని లోటు తీర్చలేదు.

మూడు వాటాలు

పితికిన పాలకు మూడు వాటాలు ఉన్నాయి. మొదటిది దూడది, రెండోది ఇంటిది, మూడోది సంఘానిది. చాలా ఇళ్లలో కేంద్రానికి పోయగా మిగిలితే ఇంటికి అనుకుంటారు. అలా అనుకున్నప్పుడు మిగలడం అరుదు. బిందె కేంద్రానికి బయలుదేరకముందే ఇంటి పాలు వేరే గిన్నెలో పోసి మూత పెట్టాలి. ఈ వ్యాసంలో సభ్యులు గుర్తుంచుకోవలసిన మొదటి మాట ఇదే.

ఎంత తీసిపెట్టాలి? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార సూచనలలో ఒక మనిషికి రోజుకు 300 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగు చూపింది. భార్యాభర్తలు, ఒక ముసలి తల్లి, బడికి పోయే ఇద్దరు పిల్లలు ఉన్న ఇంటికి ఆ లెక్కన లీటరున్నర అవుతుంది. అంత వీలు కానప్పుడు కూడా లీటరుకు తగ్గకూడదని మా అభిప్రాయం. ఆ లీటరు ఇలా సరిపోతుంది:

పిల్లలిద్దరికీ చెరొక 200 మిల్లీలీటర్లు తాగడానికి – 400
అందరి పెరుగు, మజ్జిగలకు – 500
టీకి – 100

గేదె పూటకు మూడు లీటర్లు ఇస్తున్నదనుకుందాం. రోజుకు ఆరు లీటర్లు. ఒకటి ఇంట్లో ఉంచితే ఐదు కేంద్రానికి పోతాయి. లీటరుకు 45 రూపాయల చొప్పున వేసుకున్నా వారానికి 315 రూపాయలు బిల్లులో తగ్గుతుంది. ఇది చిన్న మొత్తమని మేము అనము. అప్పు కిస్తీ ఉన్న ఇంటికి అది పెద్దదే. అయితే ఆ లీటరులో ఏముందో చూడండి. గేదె పాలు లీటరులో సుమారు 40 గ్రాముల మాంసకృత్తులు, వెయ్యి మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటాయి. మాంసకృత్తులు మాత్రమే కావాలంటే 200 గ్రాముల కందిపప్పు దాదాపు అన్నే ఇస్తుంది, ధర కూడా తక్కువే. కాల్షియం దగ్గరకు వచ్చేసరికి లెక్క మారిపోతుంది. కందిపప్పులో అది స్వల్పం, బియ్యంలో లేనట్లే. మాంసం, చేపలు అరుదుగా తినే ఇంటికి బి12 విటమిను కూడా ముఖ్యంగా పాలు, గుడ్ల నుంచే రావాలి. అందువల్ల పాలన్నీ అమ్మి పప్పు కొన్నా లెక్క సరిపోదు, పప్పు మానేసి పాలే తాగినా సరిపోదు.

ఇంట్లో గర్భిణి గాని, బాలింత గాని ఉంటే ఈ లీటరుకు మరొక పావు లీటరు కలపాలి. ఆరు నెలల లోపు బిడ్డకు తల్లిపాలు తప్ప మరేమీ అవసరం లేదు. ఏడాది నిండేదాకా తల్లిపాలకు బదులుగా గేదె పాలు పట్టరాదు. గేదెకు మందులు వాడినప్పుడు పశువైద్యుడు చెప్పిన గడువు తీరేదాకా ఆ పాలు కేంద్రానికి పోయకూడదు, ఇంట్లోనూ వాడకూడదు.

వారానికి ఎంత సరుకు?

పైన చెప్పిన ఐదుగురి ఇంటినే తీసుకుందాం. చేనులో కష్టపడే ఇద్దరికీ చెరొక 400 గ్రాములు, ముసలమ్మకు 250, పిల్లలిద్దరికీ కలిపి 450 గ్రాముల చొప్పున రోజుకు కిలోన్నర తిండి గింజలు కావాలి. వారానికి పదిన్నర కిలోలు. 2025 ఏప్రిల్ నుంచి మన రాష్ట్రంలో రేషన్ కార్డుపై మనిషికి నెలకు 6 కిలోల సన్న బియ్యం ఉచితంగా అందుతున్నాయి. ఐదుగురికి 30 కిలోలు, అంటే వారానికి సుమారు 7 కిలోలు. మిగిలిన మూడున్నర కిలోలు కూడా బియ్యమే కొనడం తేలిక. కాని అక్కడే మనం ఆగి ఆలోచించాలి.

సజ్జల్లో ఇనుము వంద గ్రాములకు ఆరు మిల్లీగ్రాములకు పైబడి ఉంటుంది. పాలిష్ పట్టిన బియ్యంలో ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. రాగులలో (తైదలలో) కాల్షియం 340 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. జొన్నలలో మాంసకృత్తులు బియ్యంలో కన్న ఎక్కువ. ఇవన్నీ మన తాతలు తిన్నవే. బియ్యం ఉచితంగా రావడం వల్ల మిగిలిన డబ్బును ఈ గింజలకు మళ్లిస్తే రెండు విధాలా లాభం. ఈ లెక్కన ఒక వారానికి కావలసిన సరుకు ఇది:

బియ్యం – 7 కిలోలు
జొన్నలు (లేదా సగం జొన్నలు, సగం సజ్జలు) – రెండున్నర కిలోలు
రాగులు – 1 కిలో
కందిపప్పు – 1 కిలో
పెసలు లేదా పెసరపప్పు – అర కిలో
ఉలవలు – 300 గ్రాములు
అలసందలు (బొబ్బర్లు) – 300 గ్రాములు
పల్లీలు – 700 గ్రాములు
గుడ్లు – 10
నూనె – లీటరుకు మించకుండా
ఇంటి పాలు – 7 లీటర్లు

పప్పు దినుసులన్నీ కలిపి రెండు కిలోల పైచిలుకు. చాలా ఇళ్లలో వాడేది ఇందులో సగం కూడా ఉండదు. పప్పు పలచన చేసి నీళ్లు పెంచడం మనందరికీ తెలిసిన సర్దుబాటే. పాల బిల్లు చేతికి రాగానే, దాణా బాకీ కట్టకముందే, మరుసటి బిల్లు దాకా సరిపడే పప్పు కొని డబ్బాలో పోయాలి. పదిహేను రోజులకొకసారి బిల్లు వచ్చే చోట నాలుగు కిలోల పైన అవుతుంది. పాలు ఇంటికి మొదటి వాటా అయినట్లే, బిల్లులో పప్పుకు మొదటి వాటా. గుర్తుంచుకోవలసిన రెండో మాట ఇది.

కూరగాయలు, ఆకుకూరలు కలిపి మనిషికి రోజుకు 400 గ్రాములని పోషకాహార సంస్థ సూచన. ఐదుగురికి వారానికి 14 కిలోలు. అంత కొనడం అందరికీ వీలు పడదు. అందులో సగమైనా, వారానికి నాలుగు రోజులు ఆకుకూర ఉండేటట్లు చూసుకోవాలి. పెరట్లో ఒక మునగ చెట్టు, బాన నీళ్లు పారే చోట నాలుగు తోటకూర మడులు, ఒక బచ్చలి తీగ ఉంటే కొనవలసిన భారం చాలా తగ్గుతుంది. గొడ్ల చావడి ఉన్న ఇంటికి ఎరువు కొదవ లేదు కదా!

సంతలో కొనడం, వాడిపోయే వరుసలో వండడం

పల్లెల్లో వారానికొకసారే సంత. ఆ ఒక్క రోజు తెచ్చినది ఏడు రోజులు రావాలి. ఇక్కడ పాటించవలసిన సూత్రం చాలా తేలిక. త్వరగా వాడేదాన్ని ముందు వండాలి, నిలవ ఉండేదాన్ని చివరకు ఉంచాలి. మొదటి రెండు రోజులు ఆకుకూరలు. తరువాతి రెండు రోజులు టమాట, వంకాయ, బెండకాయ, బీరకాయ. ఐదో రోజుకు పెరట్లోని మునగాకు. చివరి రెండు రోజులు గుమ్మడికాయ, ఉల్లిగడ్డ, డబ్బాలోని ఎండు గింజలు. సంతకు రెండు రోజుల ముందు ఇంట్లో ఏమీ లేదని పచ్చడితో సరిపెట్టుకునే పరిస్థితి దీనితో తప్పుతుంది.

సంతకు పోయేముందు చీటీ రాసుకోవాలి. బడికి పోయే పిల్లల చేత రాయిస్తే వారికీ లెక్కలు వస్తాయి. సంతకు మగవారు పోయే ఇళ్లలో ఈ చీటీ మరీ అవసరం. చీటీ లేకుండా పోతే చౌకగా ఉన్నదని ఒకే రకం కూరగాయ అయిదు కిలోలు రావడం కద్దు.

ఏడు రోజుల పట్టిక

సంత మరునాటిని మొదటి రోజుగా తీసుకున్నాము. ఉదయం అందరికీ రాగి అంబలి మజ్జిగతో, లేదా రాత్రి అన్నంలో మజ్జిగ కలిపిన సద్ది. పిల్లలకు దీనితో పాటు పాలు. మధ్యాహ్నం అన్నం. రాత్రి అయిదు రోజులు జొన్న రొట్టె, రెండు రోజులు అన్నం. భోజనం చివర పెరుగో మజ్జిగో తప్పనిసరి.

మొదటి రోజు – పుంటికూర పప్పు. మరునాడు ఉదయం చేనుకు తీసుకుపోయే రొట్టెకు పల్లీల పొడి.

రెండో రోజు – పాలకూర లేక తోటకూరతో పెసరపప్పు. ఉల్లిగడ్డ, నిమ్మకాయ పక్కన.

మూడో రోజు – టమాట పప్పు, వంకాయ కూర. తలా ఒక గుడ్డు.

నాలుగో రోజు – బెండకాయ లేక బీరకాయ కూర. పెసర మొలకలు పచ్చివిగానే కాకుండా కాస్త తాలింపు వేసి. చారు.

ఐదో రోజు – మునగాకు పప్పు. పచ్చి పులుసు.

ఆరో రోజు – ఉలవలు ఉడికించి, కట్టుతో చారు, గింజలతో గుగ్గిళ్లు. తలా ఒక గుడ్డు.

ఏడో రోజు – మధ్యాహ్నం గుమ్మడికాయతో అలసందల కూర, పప్పు చారు. రాత్రికి సంత నుంచి వచ్చిన తాజా ఆకుకూర.

ఉలవలు పశువుల దాణా అని చిన్నచూపు చూడనక్కరలేదు. వాటిలో మాంసకృత్తులు నూటికి 22 పాళ్లు, అంటే కందిపప్పుతో సమానం. మాంసాహారులు వారంలో ఒకరోజు కోడికూరో చేపలో వండుకుంటే ఆనాటి గుడ్లను మరొక రోజుకు జరుపుకోవచ్చు. ఈ పట్టికలో వంటకాలు మారినా ఫరవాలేదు. రోజుకొక పప్పు దినుసు, వారానికి నాలుగు ఆకుకూరలు, రెండు రోజులు గుడ్డు, రోజూ పెరుగు అనే నాలుగు మేకులు మాత్రం కదలకూడదు.

క్రాసింగ్ రోజుల్లో ఏం చేయాలి?

ఇద్దరూ పొద్దుననే చేనుకు పోయే రోజుల్లో రొట్టెలు కొట్టే తీరిక ఉండదు. అప్పుడు రొట్టెకు బదులు జొన్న గట్క వండుకోవచ్చు. ఒకే గిన్నె, ఒకే మంట, పొయ్యి దగ్గర నిలబడే పని తక్కువ. దీనితో పాటు ముందే చేసిపెట్టుకోగల పనులు కొన్ని ఉన్నాయి.

సంత రోజున: జొన్నలు, రాగులు పిండి పట్టించాలి. పల్లీలు వేయించి, ఎండుమిర్చి, వెల్లుల్లి, ఉప్పు వేసి వారానికి సరిపడా పొడి దంచి పెట్టాలి. ఆకుకూరలు ఏరి, తడి లేకుండా బట్టలో చుట్టి ఉంచాలి. కడగడం వండేముందే.

ప్రతి రాత్రి: మరునాటి పప్పుగింజలు నానబెట్టాలి. పెసలైతే ఒక రాత్రి నానబెట్టి, మరొక రాత్రి తడి గుడ్డలో కట్టి మొలకెత్తించాలి. రాగి పిండి నీళ్లలో కలిపి పులియనివ్వాలి. సాయంత్రం పాలు కాచి, గోరువెచ్చగా ఉన్నప్పుడు తోడు వేయాలి. వీటన్నిటికీ పావుగంట చాలు. ఆడవారే చేయాలని కూడా లేదు. గింజలు నానబోయడానికి, పాలు తోడుపెట్టడానికి మగవారి చేతులు పనికిరావని ఎవరూ అనలేదు.

ఉదయం: కుక్కరులో పప్పు పెట్టి పాలు పితకడానికి కూర్చోవద్దు. పితకడం అయ్యాక, ఇంటివారిలో ఒకరు కేంద్రానికి వెళ్లి వచ్చేలోగా పప్పు, అన్నం దిగిపోతాయి. చేనుకు తీసుకుపోయే సద్దిలో పప్పు గట్టిగా ఉండాలి. పలచని చారు దారిలో ఒలికిపోవడమే కాదు, బలం కూడా ఇవ్వదు. మజ్జిగ వేరే సీసాలో పట్టుకుపోవాలి. ఎండాకాలంలో పొద్దున కలిపిన పెరుగన్నం మధ్యాహ్నానికే పులిసిపోతుంది కాబట్టి అక్కడికక్కడ కలుపుకోవడం మేలు. చేనులో మందు చల్లిన రోజైనా, పూల పని చేసిన రోజైనా సబ్బుతో చేతులు కడుక్కోకుండా సద్ది విప్పరాదు.

ఎవరి కంచంలో ఎంత?

పట్టిక ఎంత చక్కగా రాసుకున్నా, చివరకు ఎవరి కంచంలో ఏం పడిందన్నదే లెక్క. మన ఇళ్లలో వండిన మనిషి ఆఖరున తింటుంది. అప్పటికి పప్పు గిన్నె అడుగంటి ఉంటుంది. గుడ్లు లెక్కకు నాలుగే ఉంటే అయిదో కంచం ఆమెదే. నిజానికి ఇనుము అవసరం మగవారికన్న ఆమెకే ఎక్కువ. పాలు పితికేది, గడ్డి కోసేది, చేనులో పూలు ముట్టేది కూడా చాలావరకు ఆమే. అందుకని వడ్డన మొదలు పెట్టకముందే ఆమె వాటా పప్పు, కూర, గుడ్డు వేరే గిన్నెలో తీసి మూత పెట్టాలి. కేంద్రానికి పోకముందు ఇంటి పాలు తీసినట్లే ఇది కూడా. గుర్తుంచుకోవలసిన మూడో మాట ఇదే.

ఇంట్లో గర్భిణులు, బాలింతలు ఉంటే అంగన్‌వాడీని విడిచిపెట్టకూడదు. 2015 జనవరిలో మొదలైన ఆరోగ్య లక్ష్మి పథకం కింద అక్కడ ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇచ్చే ఏర్పాటు ఉంది. అక్కడ తింటున్నదని ఇంట్లో ఆమె పాలు తగ్గించడం సరికాదు. అది ఇంటి ఆహారానికి పైన అదనం.

కొన్ని సందేహాలు

భోజనం కాగానే టీ తాగవచ్చా? తాగకపోవడమే మంచిది. టీలోని పదార్థాలు పప్పు, ఆకుకూరలలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. గంట సేపైనా ఎడం ఉండాలి. దానికి మారుగా నిమ్మరసం పిండుకున్నా, ఉసిరికాయ గాని జామపండు గాని తిన్నా ఇనుము బాగా ఒంటికి పడుతుంది.

పాలలో వెన్న తీసి వాడితే బలం పోతుందా? వెన్నతో పోయేది కొవ్వు, దానితో పాటు ఎ విటమిను. మాంసకృత్తులు, కాల్షియం మజ్జిగలోనే ఉంటాయి. పెద్దలకు మజ్జిగ చాలు. చిన్నపిల్లలకు మాత్రం వెన్న తీయని పాలు ఇవ్వాలి.

గేదె ఒట్టిపోయినప్పుడు ఏం చేయాలి? రెండు గేదెలున్నవారు రెండూ ఒకేసారి ఒట్టిపోకుండా చూలు కట్టే కాలాన్ని చూసుకోవాలి. ఒకటే ఉన్నవారు ఆ నెలలలో పొరుగు సభ్యుని వద్ద రోజుకు అర లీటరైనా కొనాలి. రాగి అంబలి, మునగాకు, నువ్వులు పెంచాలి. చలికాలంలో పాలు ఎక్కువగా ఉన్నప్పుడు ఇంటి వాటాను లీటరున్నరకు పెంచుకుంటే మంచిది.

పండ్లు కొనగలమా? ఆపిల్ పండ్లే పండ్లు కావు. వానాకాలం చివర మన గుట్టలలో దొరికే సీతాఫలం, పెరటి జామ, రేగుపండ్లు, బొప్పాయి అన్నీ పండ్లే. కాలానికొకటి తింటే చాలు.

సంఘాలు చేయదగినది

ఈ లెక్క ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్కరు వేసుకోవడం కన్నా సంఘంలో కూర్చుని వేసుకుంటే తేలిక. పాలకవర్గ సమావేశంలో దాణా, బోనసు, ఫ్యాట్ గురించి మాట్లాడుకున్న తరువాత పది నిమిషాలు దీనికి కేటాయించవచ్చు. ఊరి సంతలో దొరికే సరుకును బట్టి ఏడు రోజుల పట్టిక ఒకటి తయారుచేసి, పాల కేంద్రం గోడ మీద, ధరల పట్టిక పక్కన అతికించవచ్చు. కార్యదర్శులు అట్టపెట్టె మీద రాసినా సరిపోతుంది. సభ్యులందరికీ కావలసిన కందిపప్పు, రాగులు ఒకేసారి కొని పంచుకుంటే ధరలో కొంత కలిసి వస్తుంది. దాణా బస్తాలు అలాగే తెచ్చుకుంటున్నాము కదా!

కేంద్రంలో ఎక్కువ పాలు పోసిన సభ్యుడిని మెచ్చుకోవడం మనకు అలవాటు. ఇంటి లీటరు తీసిపెట్టి, మిగిలినవి శుభ్రంగా, నీళ్లు కలపకుండా, వేళకు పోసే సభ్యురాలు కూడా అంతే మెచ్చుకోదగినది. ఆమె ఇంట్లో పిల్లలు పాలు తాగుతున్నారు. రేపు ఆ పాడిని చూసుకోవలసింది వారే.

వచ్చే సంత రోజు నుంచే మొదలుపెట్టండి. మొదటి వారం పట్టిక సగమే సాగినా విడిచిపెట్టవద్దు. రెండో వారానికి ఏది మీ ఇంటికి కుదురుతుందో, ఏది కుదరదో మీకే తెలుస్తుంది.